ఎలుకకు చక్కిలిగింతలు

ఎలుకను ఎలా పట్టుకోవాలో బాగా చదువుకున్నవాళ్ళకు నేర్పడం నా ఉద్యోగం. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే పశువుల డాక్టర్నని చెప్పి ఊరుకుంటాను. ఇంకా గుచ్చి అడిగితే నిజం చెప్పాలి. చెప్పాక ఆ పంక్తిలో ఎవరికీ ముద్ద దిగదు.

కొత్త మందులను ఎలుకల మీద పరీక్షించే పరిశోధకులు వాటిని బాధపెట్టకుండా చూసుకోవడం నేర్చుకుని తీరాలి. ఆ శిక్షణ లేకుండా వాళ్ళను ఎలుకల గదిలోకి రానివ్వకూడదు. మదనపల్లెలో ఒక కాలేజీలో నేను పెట్టిన తరగతికి చుట్టుపక్కల ఊళ్ళ లెక్చరర్లు వచ్చారు. అందులో ఒకాయన కుప్పంలో పాఠాలు చెబుతాడు, సొంతూరు పుంగనూరు పక్కన పల్లె. నలభై దాటిన మనిషి, గుబురు మీసం. చక్కెర జబ్బుకు ఒక ఆకు పసరు పనిచేస్తుందేమో డజన్లకొద్దీ ఎలుకల మీద చూడాలని పీహెచ్‌డీలో చేరి చాలా ఏళ్ళయింది. ఈసారి ఈ శిక్షణ సర్టిఫికెట్టు రాకపోతే గైడు చేతులెత్తేస్తానన్నాడట. టీ తాగుతూ ఆయనే నవ్వుతూ చెప్పాడు.

మొదటి పాఠం, ఎలుకను పెట్టెలోంచి తీసి ముంజేతి మీద కూచోబెట్టుకోవడం. అంతే. ఆయన వంతు వచ్చింది. చెయ్యి లోపల పెట్టి, తోక పట్టుకుని ఎత్తేశాడు. "తోక కాదప్పా" అని నేననేలోగా ఆ చెయ్యి భుజం దాటి పైకి లేచింది. నేలకేసి కొట్టబోతున్నాడు!

నా అరుపుకు పక్క గదిలో పాఠం ఆగిపోయిందట. ఆయన చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. నేను ఎలుక కింద అరచెయ్యి పెట్టి మెల్లగా తీసుకున్నాను. ఎలుకకంటే ఆయనే ఎక్కువ బిత్తరపోయాడు.

"నేను కాదు మేడమ్, నా సెయ్యి!" అన్నాడు. "మా పక్క శెనక్కాయ పీకినాక సేన్లో ఎలక బొక్కలు తవ్వుతాం గదా, అవి దాపెట్టిన కాయల కోసరం. ఎలక బయటికొస్తే తోక పట్టి ఒకే ఏటు. సిన్నప్పట్నించీ అదే పని. తోక తగిల్తే సాలు, మిగతాది సెయ్యే సేసేస్తాది."

నాకు కోపం వచ్చింది. కానీ నవ్వు దాన్ని తోసుకుని ముందొచ్చింది. నేను నవ్వాక తరగతిని ఆపేదెవరు? ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ బయటికే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆయన దగ్గరికొస్తే చాలు, ఆ ఎలుక పెట్టె మూలకు నక్కేది. ఆయనకు చెమటలు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారే, ఇక్కడ ఇద్దరికీ ప్రాణసంకటమే. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకల్తో గానీ పోదు మేడమ్, నన్ను పంపించేయండి" అన్నాడు. నేను మహా మొండిదాన్ని. పంపలేదు.

మర్నాడు ఆయన్ని పెట్టె ముందు కూచోబెట్టి, ఎలుకను పట్టుకోవద్దు, ఆడించమన్నాను. వేళ్ళతో మెడ వెనక చక్కిలిగింతలు పెట్టాలి, మెల్లగా వెల్లకిలా తిప్పి పొట్ట మీద కూడా గిలిగింతలు పెట్టాలి, వదిలెయ్యాలి. పసిపిల్లలతో ఆడినట్టే.

"ఎలక్కి సక్కిలిగింతలా! ఊర్లో తెలిస్తే పిల్లనిచ్చిన మామ గూడా పలకరించడు" అని గొణుగుతూనే మొదలుపెట్టాడు. ముందు అది బిగుసుకుపోయింది. కాసేపటికి ఆయన చెయ్యి తీస్తే చేతి వెంట పరిగెత్తడం మొదలుపెట్టింది. అప్పుడు నేను నా సంచిలోంచి చిన్న యంత్రం తీసి నొక్కాను. గబ్బిలాల కూతల్లాంటి, మన చెవికి అందని సన్నటి చప్పుళ్ళను అది వినిపిస్తుంది. గది నిండా కిచకిచలు.

"ఏందమ్మా అది?"

"నవ్వుతాండాదప్పా."

శాస్త్రం దాన్ని నవ్వు అనడానికి వెనకాడుతుంది. నేను వెనకాడను. ఆయన చెయ్యి ఆగింది, కిచకిచలు ఆగాయి. చెయ్యి కదిలింది, మళ్ళీ మొదలు. "యో, నవ్వుతాండాది! ఇన్నేండ్లూ మాకెవురికీ తెల్లేదే!" అని కుర్చీలోంచి లేచి గంతేశాడు. ఇక నాకు నాకు అని లెక్చరర్లంతా పెట్టెల మీద పడ్డారు. అంత సంతోషమైన తరగతి నేను మళ్ళీ చూడలేదు.

చివరి రోజు పరీక్షలో ఆయన రెండు చేతులతో ఎలుకను ఎత్తి ముంజేతి మీద కూచోబెట్టుకుంటే, అది చొక్కా చేతిలోకి దూరి భుజం దాకా పోయింది. నేను నవ్వుతూనే సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టాను. అందరూ బస్సులకు వెళ్ళిపోయారు. ఆయన మాత్రం పెట్టె దగ్గరే, చెయ్యి లోపల పెట్టుకుని కూచున్నాడు.

"పని అయినాక వీట్ని సంపి సూడాల గదా మేడమ్. అది ఎవురు సేస్తారు?"

"మీరే చెయ్యాల సార్. అలవాటైన చేతిలోనే దానికి భయం తక్కువ."

ఎలుక ఆయన వేళ్ళను మెత్తగా కొరుకుతూ ఆడుకుంటోంది.

"ఆ పొద్దు గూడా ఆడించొచ్చా?"

"ఆడించాలి" అన్నాను.

ఆయన తలూపి, రెండో చేత్తో మీసం తుడుచుకుని, "అట్లయితే నా పనికి అన్ని ఎలకలు యాల మేడమ్, కొన్నిట్తో సాలదా?" అన్నాడు.