సెనోబియా పిన్ని కంపుచెట్టు

మా పిన్ని సెనోబియాకి అప్పటికే రెండు విడతల సీతాకోకచిలుక పురుగులు పోయాయి. ఒక విడత చీమల పాలు, ఇంకోటి కందిరీగల పాలు. మూడో విడతని కంటికి రెప్పలా చూసుకుంటోంది.

కోస్టారికా కొండల్లో మా ఊళ్ళో సీతాకోకచిలుకలు పెంచేవాళ్ళు నలుగురు. మిగతా ముగ్గురూ నీలం రెక్కలవాటితో సరిపెట్టుకున్నారు. పిన్నికి మాత్రం అద్దాల రెక్కలవే కావాలి. ఆ రెక్క వెనక వేలు పెడితే వేలు కనిపిస్తుంది. వాటి పురుగులకి కంపుచెట్టు ఆకే తిండి. ఆకు నలిగిందంటే వాకిలంతా ముక్కు మూసుకోవాల్సిందే.

ఆ ఇంట్లోనే మా బాబాయి అక్క ఒతీలియా ఉండేది.

ఓ శనివారం పిన్ని, నేను సంతకెళ్ళి వచ్చేసరికి చెట్టు లేదు. మోడు మిగిలింది.

"వదినా! నా చెట్టేదీ?"

"రేపు ఫాదర్ గారు భోజనానికొస్తున్నారు. ఆయన ఈ కంపులో తినాలా?"

"దానిమీద పురుగులున్నాయి!"

"అయితే ఇంకా మంచి పనే చేశాను."

పిన్ని మొగుడివైపు చూసింది. బాబాయి బూట్లు తుడుచుకుంటూ, "మీ మధ్యకి నన్ను లాగకండే" అన్నాడు.

పిన్ని కొమ్మల కుప్ప దగ్గర కూర్చుని చీకటిపడేదాకా ఏరింది. ముప్ఫై ఎనిమిది దొరికాయి. రెండు వారాలు రోజూ గంటసేపు నడిచి, వాగు ఒడ్డున ఆకు కోసుకొచ్చింది. సగం దార్లోనే వాడిపోయేది. చివరికి వెండిపూత పూసినట్టు మెరిసే గూళ్ళు కట్టినవి పదకొండే.

వాటిని దూదిలో పెట్టుకుని, గూళ్ళు కొని విదేశాలకి పంపే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది.

"యాభైకి తక్కువైతే పెట్టె కట్టలేనమ్మా. ముందే చెప్పాగా" అన్నాడాయన.

పిన్ని తిరిగొచ్చి, గూళ్ళని వలగదిలో వేలాడదీసింది. వారం తిరిగేసరికి తొమ్మిది సీతాకోకచిలుకలు బయటికొచ్చాయి. గుడ్లు పెట్టినా మేపడానికి చెట్టు లేదు, ఇక వాటిని ఉంచి ఏం చేస్తుంది? వల ఎత్తి వదిలేసింది.

ఒతీలియా కాఫీ గ్లాసుతో గుమ్మంలోకొచ్చి, "ఏవే? నాకేం కనబడట్లేదే! దీనికోసమా ఇన్నాళ్ళూ ఇంత కంపు భరించాం?" అంది.

"నీకు ముక్కొక్కటే పనిచేస్తుంది వదినా" అంది పిన్ని.

ఆ మధ్యాహ్నమే వాగు నుంచి నాలుగు కంపుచెట్టు కొమ్మలు తెచ్చి, సరిగ్గా ఒతీలియా కిటికీ కింద పాతింది. అవి పురుగుల్ని మేపేంత ఎదగడానికి ఏడాది. ఆ ఏడాదంతా పిన్ని ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.