యాదగిరి గారి ఖాళీ సమయం

మొన్న మాదాపూర్‌లో మా మేనకోడలి ఆఫీసుకు ఏదో కాగితం ఇవ్వడానికి వెళ్లాను. నడవాలో ఎవరో యంత్రాల గది తలుపు తీశారు. లోపలి చల్లగాలి, దానితో పాటు వేడెక్కిన వైర్ల వాసన ముఖానికి తగిలాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పాత భయమే గుర్తుకొచ్చింది. నేను తయారు చేసిన ఒక పట్టిక వల్ల ఒక మనిషి ఊరు విడిచి పోవలసి వస్తుందేమోనన్న భయం అది.

డెబ్బైల మధ్యలో నగరంలోని ఒక ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రంలో చేరాను. ఆ విద్య నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు. లైబ్రరీలో కూర్చుని, లావుపాటి పుస్తకాలకు నోట్సు రాసుకుని నేర్చుకున్నాను. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేదాన్ని. అప్పటికింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. యాదగిరి గారు అక్కడి ఇద్దరు ఆపరేటర్లలో ఒకరు. ఖాజాగూడ నుంచి సైకిలు మీద వచ్చేవారు. రెండో ఆయన యంత్రం దగ్గర కూర్చుంటే, అది అడిగిన సమాచారపు టేపులు తెచ్చి ఎక్కించడం ఈయన పని. నన్ను చూస్తే చాలు, "ఏం బిడ్డా, గిన్ని బుక్కులు సదివి కండ్లు పోగొట్టుకుంటవా?" అని ఏడిపించేవారు.

యంత్రం మీద ఎంత పనిభారం పడుతోందో నమోదు చేసే ప్రోగ్రామును అమర్చమని మేనేజరు గారు నాకు అప్పగించారు. యంత్రం ఏ స్థితిలో ఉంటే ఏ పేరు రాయాలో ముందుగానే చిల్లుల కార్డుల మీద దానికి చెప్పాలి. పుస్తకంలో ఉన్నట్టే రెండు పేర్లు పెట్టాను. నడుస్తుంటే పని, ఆగితే ఖాళీ. నెల తిరిగేసరికి, మధ్యాహ్నం పూట దాదాపు మూడోవంతు ఖాళీ అని పట్టిక వచ్చింది.

"బాగా చేశావమ్మా," అన్నారు మేనేజరు గారు. "ఇంత ఖాళీ ఉంటే ఇద్దరెందుకు? యాదగిరిని జిల్లాకు పంపిద్దాం. సోమవారం కాగితం పైకి పంపుతాను."

ఆ మెప్పుకు పొంగిపోయాను. ఆయన గదిలోంచి బయటికి వచ్చాక గానీ యాదగిరి గారి ఇల్లు, పదో తరగతి చదివే ఆయన కూతురు గుర్తుకు రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం పట్టిక తీసుకెళ్లి యాదగిరి గారికే చూపించాను. ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చి ఒకదాని మీద వేలు పెట్టారు.

"మూడుంబావుకు ఖాళీ అని రాసినవు. గప్పుడు నేనేడున్న?"

"తెలియదండి."

"తెల్వకుంటనే రాసినవా? జర నాతోని రా."

టేపుల గది రెండంతస్తుల కింద ఉండేది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆయన వెనకే దిగాను. చెరో నాలుగు టేపులు మోసుకుని పైకి వచ్చేసరికి నాకు ఊపిరి ఆడలేదు. పైన యంత్రం మా కోసమే ఆగి ఉంది. లోపల నా ప్రోగ్రాము బుద్ధిగా ఖాళీ, ఖాళీ అని రాసుకుంటూ ఉంది.

శనివారం కూర్చుని 'టేపు కోసం ఆగింది' అని మూడో పేరు చేర్చి నడిపాను. ఖాళీలో చాలా భాగం దాని కిందికి వచ్చేసింది. ఆదివారం అన్నం సయించలేదు. నా పట్టిక తప్పని నేనే చెబితే నా ఉద్యోగం నిలుస్తుందా? చెప్పకపోతే ఆయన మొహం ఎలా చూడను?

సోమవారం మేనేజరు గారు రాకముందే ఆయన గది ముందు నిలబడ్డాను. కొత్త పట్టిక చూసి ముఖం చిట్లించారు. "ఈ మూడోది పుస్తకంలో లేదు కదమ్మా?"

"లేదండి. ఆ పుస్తకం రాసినవాళ్ల టేపులు పక్కగదిలోనే ఉండి ఉంటాయి."

ఆయన నవ్వలేదు. బదిలీ కాగితం చించేశారు. మొదటి పట్టిక తప్పుగా ఇచ్చినందుకు నా ప్రొబేషన్ మాత్రం ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ఆ సంగతి చెబితే యాదగిరి గారు కృతజ్ఞతలేవీ చెప్పలేదు. "మంచిగైంది. ఆర్నెల్లు మెట్లెక్కు, ఒళ్లు గట్టి పడతది," అన్నారు. కాసేపటికి తన డబ్బాలోంచి సగం జొన్నరొట్టె తుంచి నా ముందు పెట్టారు.

ఆ తర్వాత మరో మూడు ఆఫీసుల్లో ఇలాంటి పట్టికలే తయారు చేశాను. పుస్తకాలు మానలేదు. కానీ సంతకం పెట్టే ముందు, ఆ పట్టికలో కనిపించని మనిషి ఎవరో వెతికి, ఆ మనిషి వెంట ఒక పూట నడిచేదాన్ని. కొందరు విసుక్కునేవారు. ఒకసారి రోజంతా తిరిగినా తప్పేమీ దొరకలేదు, నా పట్టిక సరిగ్గానే ఉంది. అయినా ఆ రోజు వృథా అయిందని నాకు అనిపించలేదు.