పచ్చి కందుల చారు కోసం తాండూరు దాకా

నవంబరులో వచ్చిన టైఫాయిడ్ మూడు వారాలకు తగ్గింది కానీ, నోటికి రుచి మాత్రం తిరిగి రాలేదు. అన్నం ముద్ద పెట్టుకుంటే తడిసిన కాగితం నమిలినట్టుండేది. మా ఆయన ఒకరోజు నా పళ్లెం ముందు కూర్చుని, "ఏం తినబుద్ధైతుందో ఒక్కటి చెప్పు, యాడున్నా తెస్త" అన్నాడు.

"బాలమణి వాళ్లింటి పచ్చి కందుల చారు" అన్నాను, అనుకోకుండా.

ఆయనకు బాలమణి ఎవరో తెలియదు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆ పేరు నేను ఎన్నడూ ఎత్తలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకు లింగంపల్లి స్టేషన్లో ప్యాసింజర్ బండి ఎక్కాను. ఇరవై రూపాయల టికెట్టు, కిటికీ పక్క సీటు. ఒంట్లో ఇంకా నీరసం ఉండడం వల్లనేమో, శంకర్‌పల్లి దాటాక మంచులో బండి నడుస్తున్నట్టు కాక తేలుతున్నట్టు అనిపించింది. చెట్లు సగం దాకా కనిపించి మాయమవుతున్నాయి. ఎక్కడో గొర్రెల మెడగంటలు వినిపించాయి, గొర్రెలు మాత్రం కనిపించలేదు.

ఎదుటి సీట్లో ధారూర్ పోతున్న ఒక పెద్దమ్మ చాలాసేపు నన్ను చూసి, "దవాఖాన్ల నుంచి వస్తున్నవా బిడ్డా? ముఖం గట్ల గుంజుకపోయింది" అంది.

"కాదమ్మా. పచ్చి కందుల చారు తాగనీకి పోతున్న."

ఆమె నవ్వలేదు. "మంచిగ పోతున్నవ్. కందులు ఇప్పుడే పాలు పోసుకున్నయి. ఇంకో పదిహేను దినాలైతే గట్టివడ్తయి" అని శాలువా కప్పుకుని కళ్లు మూసుకుంది.

నేనూ కళ్లు మూసుకున్నాను. వికారాబాద్ బడిలో తొమ్మిదో తరగతి కళ్ల ముందుకొచ్చింది. నేనూ బాలమణీ ఒకే బెంచీ. మాది భూములున్న ఇల్లు, వాళ్లది గొర్లు కాసే ఇల్లు. మధ్యాహ్నం డబ్బాలు మార్చుకునేవాళ్లం. నా సన్నబియ్యం అన్నం ఆమెకు, ఆమె జొన్నరొట్టె, చారు నాకు. ఒక సాయంత్రం పొరపాటున వాళ్ల డబ్బా మా ఇంటికి తెచ్చాను. మా నాయనమ్మ తిట్టలేదు. డబ్బాను లోపలికి రానివ్వకుండా బయటి గోడ మీద పెట్టించింది, అంతే. మర్నాడు నేను బాలమణికి డబ్బా తిరిగిచ్చి, "ఇగ నాకు తేకు. మా ఇంట్ల వద్దన్నరు" అన్నాను. ఆమె పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి పోయింది. పదో తరగతి అయిపోయేదాకా మళ్లీ మాట్లాడుకోలేదు.

ఎనిమిదింటికి వికారాబాద్‌లో దిగాను. బాలమణి తమ్ముడు బీరయ్య బస్టాండు దగ్గర చాయ్ హోటల్ పెట్టాడని పాత స్నేహితురాలు ఒకామె చెప్పింది. ఆయన నన్ను చూడగానే గుర్తుపట్టాడు. చాయ్ గ్లాసు ముందు పెట్టి, "అక్క తాండూరుల ఉంటది. వస్తున్నవని ఫోన్ చెయ్యాల్నా?" అన్నాడు.

"చెయ్యకు తమ్మీ" అన్నాను. రావద్దంటుందేమోనని నా భయం.

"చెప్పకుంట పోతె ఎట్లక్కా? ఇంట్ల లేకపోతె ఉత్తగ తిరిగొస్తవు" అని అప్పటికే నంబరు నొక్కాడు. "సుజాతక్క వచ్చింది, నీ దగ్గరికి వస్తదట" అన్నాడు. ఆయన ఫోన్ చెవికి ఆనించుకునే చాయ్ వడగట్టాడు. చివరికి, "రమ్మంటున్నది" అన్నాడు. ఇంటి గుర్తులు చెప్పాడు.

ఎనిమిదిన్నరకు తాండూరు బస్సు. ఆడవాళ్లకు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిచ్చింది. అనంతగిరి మలుపుల్లో మంచు కిటికీల్లోంచి లోపలికి వస్తుంటే ఎవరూ అద్దాలు మూయలేదు. గుట్ట దిగాక ఒక్కసారిగా ఎండ. రోడ్డుకు రెండు వైపులా కంది చేలు, కాయల బరువుకు కొమ్మలు ఒరిగి ఉన్నాయి. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు కన్నడంలో మొదలుపెట్టిన మాటను తెలుగులో ముగిస్తున్నారు. ఆ రెండు భాషల నడుమ నాకు కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి తాండూరు. బండల కటింగ్ మిషన్ల చప్పుడు, ఆకుల మీద తెల్లటి దుమ్ము. టైము పదిన్నర.

ఆటో దిగేసరికి బాలమణి గడపలో చాట ముందేసుకుని కందికాయలు ఒలుస్తోంది. జుట్టు నెరిసింది, కూర్చునే తీరు మాత్రం మారలేదు. వాళ్లమ్మ ఈరమ్మ ఎండలో చాప మీద ఉంది. ఆమె కళ్లకు పొర కమ్మింది. వేళ్లతో తడుముతూ గింజలు తీస్తోంది.

"కూసో. ఒలువు" అంది బాలమణి.

కూర్చున్నాను. ముగ్గురం అరగంట ఒలిచాం. అడిగిన దానికి జవాబు చెప్తోంది కానీ తనంతట తాను ఏమీ అడగడం లేదు. తర్వాత నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది. రాసుకోవడానికి కాగితం తీస్తే, "రాస్తె రాదు, చూడు" అంది.

కాబట్టి చూసింది చెప్తున్నాను. నాలుగు గుప్పెళ్ల పచ్చి గింజలు ఇనుప పెనం మీద నూనె లేకుండా వేయించాలి. పొట్టు మీద నల్ల మచ్చలు పడి, ఒకటీ రెండూ చిట్లినప్పుడు దించాలి. అవే రోట్లో వేసి పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయ, జీలకర్ర, ఉప్పుతో కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తగా అయితే చారు చిక్కబడి పప్పయిపోతుంది. పల్లి నూనెలో పోపు వేసి, దంచింది వేసి పచ్చి వాసన పోయేదాకా కలిపి, నీళ్లు, కొంచెం చింతపండు పులుసు పోసి మరగనివ్వాలి. కొత్తిమీర దించాకే.

మరిగేటప్పుడు వచ్చిన ఆ వాసనకు నా నోట్లో నీరూరింది. నెల రోజుల తర్వాత అదే మొదటిసారి. అప్పుడే అనేశాను, "బాలమణీ, ఆ రోజు నేను చేసింది తప్పు. గది చెప్దామనే వచ్చిన. చారు ఒక సాకు."

ఆమె గరిటె తిప్పుతూనే ఉంది. "యాదికి లేదంటె అబద్ధమైతది" అంది. "నువ్వన్న మాట మా అమ్మకు చెప్పలేదు నేను. చెప్తె ఏడుస్తదని. ఆమె రోజు నీకని రెండు రొట్టెలు ఎక్కువ కట్టేది. బడి అయిపోయేదాంక కట్టింది. నీ వంతు గుడ నేనే తిన్న. సుజాతకు నచ్చిందా అని అడిగితె, నచ్చిందమ్మా అనేదాన్ని."

వాకిట్లోంచి ఈరమ్మ గొంతు వినిపించింది. ఆమెకు కళ్లే పోయాయి, చెవులు కాదు.

"గందుకేనా పదో తరగతిల గంత లావైతివి? నేను మైసమ్మ తల్లి దయ అనుకుంటి" అంది.

ముందు బాలమణి నవ్వింది. గరిటె పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నేను నవ్వానో ఏడ్చానో చెప్పలేను.

ఈరమ్మ నన్ను దగ్గరికి పిలిచి, తన చేత్తో రొట్టె తుంచి చారులో ముంచి నా నోటికి అందించింది. పచ్చి కందుల తీపి, వెనకాల మిరప కారం, అడుగున పొగ వాసన. "నచ్చిందా బిడ్డా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు నా నోటి నుంచి రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. "నచ్చిందమ్మా" అన్నాను. మూడు రొట్టెలు తిన్నాను.

నాలుగింటి రైలుకు బాలమణి స్టేషన్ దాకా వచ్చింది. క్షమించానని అనలేదు. బండి కదలబోతుండగా కిటికీ ఊచ పట్టుకుని, "వచ్చే మంగళారం అమ్మను కంటి దవాఖాన్ల చూపియ్యాలె, పట్నంల. మీ ఇంట్ల దిగుతం. రెండు దినాలుంటం. వండి పెడ్తవా?" అంది.

"పెడ్త" అన్నాను.

దారి పొడుగునా కంది చేల మీద ఎండ పచ్చబడి, ఎర్రబడి, బూడిద రంగుకు దిగింది. నిద్రలోనో మెలకువలోనో తెలియకుండా నేను పచ్చి కందుల గుప్పెళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. వాళ్లిద్దరు, మేమిద్దరం. నాలుగు గుప్పెళ్లు చాలవు, ఆరు వేయాలి.