మంచం దాకా వచ్చిన వరస

నమ్మకపోతే మానేయండి. మా నాయిన మీద ఒట్టేసి చెబుతున్నాను. ఆయన ప్రాణం మీదికి వచ్చిన రాత్రే అది.

మాది మునగాల దగ్గర బ్రాయిలర్ కోళ్ల షెడ్డు. రెండు రోజుల్లో బండి ఎక్కాల్సిన కోళ్లు, ఒక్కోటి కదల్లేనంత బరువు. కోదాడ పశువుల డాక్టరు ముందే చెప్పాడు. ఇంత తొందరగా పెరిగిన ఒంటికి గుండె చాలదట. చలైనా సరే, గాలాడేలా షెడ్డు పక్కల పరదాలు పైన మూరెడు తెరిచే ఉంచాలట.

నాయిన వింటేనా? బతుకంతా గొర్రెలు కాసిన మనిషి. చలికాలం దొడ్డి చుట్టూ గోనెపట్టాలు కట్టి, పిల్లలకు కుంపటి పెట్టడం ఆయన అలవాటు. "గొర్రెపిల్లల లెక్కనే గదరా ఇవి గూడ" అనేవాడు. ఆ రాత్రి నేను అన్నానికి ఇంటికి వెళ్లగానే పరదాలు నేల దాకా దించి, తాళ్లు బిగించి, బొగ్గులు రాజేసి, షెడ్డు ఆ చివర మంచమేసుకుని పడుకున్నాడు. ఆయనదీ జబ్బు గుండే. స్టెంటు వేసి ఏడాది కాలేదు.

నేను తిరిగొచ్చేసరికి... చప్పుడు లేదు. కోళ్ల షెడ్డులో రాత్రంతా సన్నగా గుసగుస ఉంటుంది. అది లేదు. తలుపు తీశాను. కళ్లు మండాయి. ఒకటే బల్బు. వేల కోళ్లు... నోళ్లు తెరిచి... కదలకుండా.

నా కాళ్ల దగ్గర ఒకటి టపటపా కొట్టుకుంది. ఒక్క అరుపు. వెల్లకిలా పడి చచ్చింది. గుండె ఆగి చావడం మామూలే అనుకున్నాను. దాని ముందున్నది కొట్టుకుంది... పడింది. ఆ ముందుది... పడింది. అటూ ఇటూ ఒక్కటీ పడలేదు. ఒకే వరస. ఎవరో నడిచిపోతున్నట్టు, అడుగుకొకటి. నాయిన మంచం వైపు.

సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ వరస దాటి పోయే ధైర్యం నాకు లేకపోయింది. బయటికి ఉరికి, కొడవలితో పరదా తాళ్లు తెగ్గోశాను. చల్లగాలి లోపలికి కొట్టింది. ఆ టపటపా చప్పుడు ఆగింది.

లోపలికి పోతే నాయిన లేచి కూర్చున్నాడు. చివరి కోడి మంచం కాలికి జానెడు దూరంలో పడి ఉంది.

పొద్దున డాక్టరు ఒకదాన్ని కోసి చూపించాడు. గుండె చుట్టూ నీళ్లు. పొగకు ఊపిరాడలేదు, అంతే అన్నాడు. వరస సంగతి అడిగితే సంచి సర్దుకుని బయల్దేరాడు.

నాయిన మాత్రం ఆ రాత్రే అడిగాడు. "మంచం కాడికొచ్చి నా ఛాతి మీద చెయ్యి పెట్టినవ్... పిలిస్తె పలుకవేందిరా?"

నేనే నాయినా, నిద్ర చెడగొట్టొద్దని పలకలేదన్నాను. ఇప్పటికీ ఆయన అదే అనుకుంటున్నాడు. ఆ సమయానికి నేను బయట తాళ్లు కోస్తున్నాను.