నూనె తాగిన పెన్ను

2022లో వానలు అప్పుడే మొదలయ్యాయి. అనకాపల్లిలో మా నాన్న పెట్టిన పెన్నుల కొట్టు నా చేతికి వచ్చి అప్పటికే ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు మాకు పూట గడిచేది జెరాక్స్ మెషిన్ మీద. పెన్ను బాగుచేయమని వచ్చేవాళ్లు నెలకు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లు వచ్చారంటే నేను జెరాక్స్ సంగతి మర్చిపోతాను, మా ఆవిడ చేత తిట్లు తింటాను. నా నోరు దురుసని మా వీధిలో అందరికీ తెలుసు. ఆ నోటికి తగిన శాస్తి జరిగిన సంగతే ఇది.

ఒకరోజు ఉదయం సముద్రపొడ్డునున్న పూడిమడక నుంచి నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. ఖాళీ చేపల గంప మెట్టు మీద దించి, గుడ్డలో చుట్టిన పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. నల్లటి ఎబొనైట్ పెన్ను. ఎబొనైట్ అంటే గట్టిపరిచిన రబ్బరు. సిరా నేరుగా గొట్టంలోనే పోసుకునే పాత రకం. పట్టుకుంటే వేళ్లు జారాయి. క్యాప్ తిప్పితే కదల్లేదు. వాసన చూస్తే కొబ్బరినూనె!

"ఏటమ్మా ఇది? పెన్నుకి తలంటు పోసేరా?" అన్నాను.

"ఉప్పుగాలి కదా బాబూ. ఇంజనుకి పూత్తాం, కత్తిపీటకి పూత్తాం. దీనికీ తుప్పట్టకుండా నెలకోసారి నూనె పూసేను. రెండేళ్ల బట్టి పూత్తన్నాను."

"ఇంజనూ పెన్నూ ఒకటేనా? నూనె ఉన్నచోట సిరా నడవదు. ఊరికే ఓ మూల పారేసినా ఇంతకన్నా బాగుండేది. చంపేశారు కదమ్మా దీన్ని!"

ఆవిడ మొహం చిన్నబోయింది. పెన్ను తిరిగి తీసుకోబోయి, మళ్లీ ఆగింది.

"మా ఆయనది బాబూ. తాతారావు. మీ నాన్నగారి దగ్గిరే కొన్నాడంట. మా పేటలో ఎవులికి అర్జీ కావాలన్నా దీంతోనే రాసీవోడు. రెండేళ్ల కింద పచ్చవాతం వచ్చి కుడిసెయ్యి పడిపోయింది. మాటా పోయింది. ఇప్పుడిప్పుడే సెయ్యి కొంచెం లెగుత్తంది. డాక్టరు రాయించమన్నాడు. బాల్ పెన్ను ఇత్తే ఇసిరికొట్టేడు."

"మరి ఇప్పుడేం రాయాలి?"

"పడవ మా పిల్లోడి పేరున మార్చాల. ఈయన సంతకం కావాల. ఆఫీసోళ్లు వేలిముద్ర సాలన్నారు. ఊరందరికీ అర్జీలు రాసినోడు, వేలిముద్ర ఎలాగేత్తాడు? ఆ మాట ఇన్నకాడ్నుంచి మూడు నెల్లై గడప దాటలేదు. లైసెన్సు ఆగిపోయి పడవ ఒడ్డునే ఉంది."

నాకు సిగ్గేసింది. ఆ మాట పైకి అనే మర్యాద నాకు లేదు గనక, "ఐదు రోజుల్లో చూస్తాను" అని మాత్రం అన్నాను. తాతారావు మొండితనంలో అర్థం ఉంది. బాల్ పెన్నుని నొక్కి రాయాలి. ఫౌంటెన్ పెన్ను కాగితానికి తగిలితే చాలు. బలం తగ్గిన చేతికి అదే సుఖం.

వేడినీళ్లు పోస్తే ఎబొనైట్ నలుపు పోయి మట్టిరంగుకి తిరుగుతుంది. అందుకని గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు సబ్బు కలిపి నానబెట్టి, పూటపూటా నీళ్లు మార్చాను. మూడోరోజుకి క్యాప్ కదిలింది. నిబ్, ఫీడ్ ఊడదీశాను. ఫీడ్ అంటే నిబ్ కింద ఉండే నల్లటి ముక్క. దాని గాడి వెంటే సిరా దిగుతుంది. ఆ గాడి నిండా నూనె, ఎండిన సిరా కలిసిన జిడ్డు. పాత టూత్‌బ్రష్‌తో తోమి, పల్చటి ఇత్తడి రేకుతో గాడి గీకి, సిరా పోసి రాశాను. ఒక్క లైను రాసి ఆగిపోయింది. ఇంకా నూనె! స్టూలుని ఒక తన్ను తన్ని, మళ్లీ మొదటి నుంచీ చేశాను. ఐదోరోజున రెండు పేజీలు ఆగకుండా రాసింది.

మా కొట్లో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. బాగైన పెన్నుతో దాని సొంతదారు మా ట్రయల్ పుస్తకంలో ఒక లైను రాయాలి. ఆ తర్వాతే పెన్ను కొట్టు దాటుతుంది. ఈ మనిషి గడప దాటడు కాబట్టి పుస్తకమే చంకన పెట్టుకుని పూడిమడక వెళ్లాను.

తాతారావు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెన్ను తీసుకుని ముందు వాసన చూశాడు. భార్య వైపు ఒక చూపు చూశాడు. తర్వాత పుస్తకం మీద పెట్టాడు. పెన్ను వేళ్లలో గిర్రున తిరిగి నిబ్ బోర్లాపడింది. కాగితం మీద గీరుడే తప్ప సిరా లేదు. మూడుసార్లు అలాగే అయింది. పెన్ను కింద పెట్టి గోడవైపు తిరిగిపోయాడు.

"పెన్ను బాగానే ఉంది" అన్నాను. అంతకన్నా తెలివితక్కువ మాట నా సర్వీసులో ఎప్పుడూ అనలేదు.

నూకరత్నం గయ్యిమంది. "పెన్ను బాగుంటే సరా? మనిసి పట్టుకోవాల కదా! ఇలాగియ్యి!"

గోడవార సగం బాగుచేసిన వల ఉంది. దాని పక్కనున్న నైలాన్ దారం తెంపి, పెన్ను మీద వేళ్లు పట్టేచోట బిగించి చుట్టసాగింది. ఎబొనైట్ మీద దారమా అని అరవబోయి, ఎందుకో నోరు మూసుకున్నాను. చివర్న నిబ్ పైవైపుకి తిన్నగా, వేలికి తగిలేలా ఒక ముడి వేసింది.

"ఈ ముడి మీద బొటనేలు పెట్టు. అప్పుడు ఎలా తిరుగుద్దో సూత్తాను" అని మొగుడి చేతిలో పెట్టింది.

పెన్ను తిరగలేదు. తాతారావు రాయడం మొదలెట్టాడు. ఒక్క లైనుకి చాలాసేపు పట్టింది. అక్షరాలు అటూ ఇటూ ఒరిగిపోయాయి గానీ సిరా ఆగలేదు. రాసి పుస్తకం నా వైపు తోశాడు. ఆవిడకి చదువు రాదు.

"ఏటి రాసేడు బాబూ?"

చదివాను. "రత్నం, ఇంక దీనికి నూనె పుయ్యకు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "సూసేరా! రెండేళ్లకి ఒక్క మాట సెప్పేడు, అదీ నన్ను తిట్టడానికే!"

తాతారావు చెయ్యి చాపాడు. పడవ కాగితాలిమ్మని. మూడుచోట్ల సంతకం పెట్టాడు. మొదటిదానికన్నా మూడోది నయం.

బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి అడిగింది. "మరి నూనె పుయ్యకపోతే తుప్పట్టదా బాబూ?"

"రోజూ రాయనియ్యండమ్మా, పట్టదు."

ఆ వల దారం చుట్ట ఒకటి అడిగి తెచ్చుకున్నాను. చేతులు వణికే పెద్దవాళ్ల పెన్నులకి ఇప్పుడు నేనే చుట్టి ముడి వేసిస్తున్నాను. అది పనికి సంబంధించిన పాఠం. రెండోది నా నోటికి సంబంధించింది. పెన్నుని పాడుచేసుకున్నారని ఆవిడని తిట్టాను. పడిపోయిన చెయ్యి మళ్లీ లేచి ఆ పెన్ను అడుగుతుందని నమ్మకం లేకపోతే, రెండేళ్లపాటు నెలనెలా ఎవరైనా దానికి నూనె పూస్తారా? ఇప్పుడు ఎవరు ఎంత పాడైన పెన్ను తెచ్చినా ముందు తిట్టను. "ఎవరు రాయాలమ్మా దీంతో?" అని అడుగుతాను.