సాక్షి లేని పిట్ట

పిన్నత్తగారి లెక్కలో, ఫొటో దిగని పిట్ట ఇంకా గుడ్డులోంచి బయటికి రానట్టే. కళ్ళారా చూశామంటే ఒప్పుకోరు. కూత విన్నామంటే అసలే ఒప్పుకోరు. ఏడాదికొక జాబితా. జనవరి ఒకటో తారీకు పొద్దున అది సున్నా నుంచి మొదలవుతుంది. నిన్నటిదాకా కిటికీ ఊచ మీద కూర్చుని ఆవిడ చేతి రొట్టెముక్కలు తిన్న కాకి కూడా ఆ రోజు కొత్త మొహం పెట్టుకుని వచ్చి మళ్ళీ ఫొటో దిగాల్సిందే.

"నిన్నే కదండీ దాన్ని తీశారు" అన్నాడు అల్లుడు ఓసారి.

"అది పోయినేడాది కాకి."

"అదే కాకి కదండీ."

"కాకి అదే. ఏడాది వేరు. పోయినేడాది ఎక్స్‌రే చూసి ఈ ఏడాది దగ్గుకి మందిస్తారా ఎవరైనా?"

ఎక్స్‌రే మాట ఊరికే రాలేదు. ముప్పై ఏళ్ళు పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేశారావిడ. ఆ ఊళ్ళో సగం మందికి ఆవిడ మొహం గుర్తుంటే, ఆవిడకి వాళ్ళ పక్కటెముకలు గుర్తుంటాయి. ఉద్యోగం అయిపోయినా నోటి అలవాటు పోలేదు. కెమెరా కంటికి ఆనించగానే నోరు దానంతటదే అనేస్తుంది: "ఊపిరి బిగబట్టు. కదలకు." టిక్కుమన్నాక, "ఇక పీల్చుకో."

పిట్టలు వినవు. చుట్టుపక్కల మనుషులే వింటారు. ఓసారి నాలుగు రోడ్ల కూడలిలో సిగ్నల్ స్తంభం మీద గద్ద వాలింది. పిన్నత్తగారు రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడ్డారు. ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చిన కానిస్టేబుల్ ఆ గొంతు వినగానే ఛాతీ ముందుకు పెట్టి బొమ్మలా ఆగిపోయాడు. ఎప్పుడో దగ్గుతో ఆసుపత్రికి వెళ్ళిన శరీరం, మర్చిపోలేదు. నాలుగు వైపులా బళ్ళు ఆగాయి. గద్ద తీరిగ్గా మెడ సర్దుకుంది. "ఇక పీల్చుకో" అనగానే కానిస్టేబుల్ నోట్లో ఉన్న ఈల కుయ్యిమంది.

ఫొటో తీయడంతో పని అవదు. పిట్టకి ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఉండాలి. కెమెరా వెనకాల చిన్న తెరని కళ్ళద్దాలు పైకెత్తి చూసి తీర్పు చెబుతారు. "ఎడమ రెక్క మసగ్గా ఉంది. మళ్ళీ తీయాలి." "తోక అడ్డం తిరిగింది. మళ్ళీ." మూలన ఎక్కడో ఆకు అంచు పడినా సహించరు. ఓ చిటికెడు పుల్ల అడ్డం వచ్చిందని ఒక వడ్రంగి పిట్ట వెంట వారం రోజులు తిరిగారు. చివరికి ఆ పిట్టే విసుగొచ్చి ఎదురుగా వచ్చి కూర్చుందని చెప్పుకుంటారు.

ఇక అల్లుడి సంగతి. ఆవిడ అక్కకూతురి మొగుడు. అదే భవనంలో మూడో అంతస్తు. ఆవిడది కింద. అతనికి సూక్ష్మజీవుల ల్యాబులో ఉద్యోగం. పాపకి అయిదో నెల రాగానే భార్య తిరిగి ఆఫీసుకి వెళ్ళింది. ఇతను సెలవు పెట్టి పాపతో ఇంట్లో ఉండిపోయాడు. అక్కడే వచ్చింది చిక్కు. మామూలు తండ్రులు నేలని చూస్తే నేల కనిపిస్తుంది. ఇతనికి నేల మీద కాపురముంటున్నవాళ్ళందరూ ఇంటిపేర్లతో సహా కనిపిస్తారు. గిలక్కాయ ఉడకబెట్టేవాడు. ఉడకబెట్టిన గిన్నెని ఇంకో గిన్నెలో ఉడకబెట్టేవాడు. భార్య ఆఫీసు నుంచి వస్తే గుమ్మం నుంచి స్నానాలగది దాకా ఆమె నడవాల్సిన దారి నేల మీద టేపు అంటించి ఉండేది.

"టేపు దాటితే ఏమవుతుంది?" అందామె ఓ రోజు.

"ఏమీ అవదు. దాటకు."

పాప టీకాలకి తప్ప గడప దాటలేదు. దాంతోపాటు అతనూ దాటలేదు. ఇద్దరూ కిటికీ అద్దానికి ముక్కులానించి వీధిని చూసేవాళ్ళు. రోజూ సాయంత్రం పాపకి టోపీ పెట్టి, తను బూట్లు వేసుకుని, తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి, అక్కడిదాకా వచ్చి, మళ్ళీ బూట్లు విప్పేసేవాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదనుకునేవాడు. భార్యకి తెలుసు. ఆమె దాన్ని ఎవరితోనైనా అందో లేదో అతనికి తెలియదు.

ఆ జనవరి ఒకటో తారీకు పొద్దున తలుపు దబదబా మోగింది.

"అల్లుడూ, సాక్షి కావాలి. త్వరగా రా."

"దేనికండీ?"

"కాకికి. పోయినేడాది నా గుడ్లగూబని పళ్ళ డాక్టరు ఒప్పుకోలేదు. నేనేదో కేలెండర్లోంచి ఫొటో తీశానన్నాడు. అంత మాట పడ్డాక ఇక ఊరుకునేది లేదు. ఈ ఏటినుంచి సాక్షి లేని పిట్ట నా జాబితాలోకి రాదు."

పళ్ళ డాక్టరు ఆవిడకి పోటీదారు. ఏటా ఆఖరి ఆదివారం పార్కులో కాఫీ కొట్టు దగ్గర ఇద్దరూ లెక్కలు చూసుకుంటారు. ఏటా ఆయనే ఓడిపోతాడు.

"పాప ఉంది కదండీ. ఎలా వదిలి రాను?"

"వదలమన్నానా? తీసుకురా. ఇద్దరు సాక్షులైతే మరీ గట్టి."

బాల్కనీలోకి రెండడుగులు వేయడానికి అతనికి పావుగంట పట్టింది. కాకి ఓపిగ్గా ఉంది. "ఊపిరి బిగబట్టు" అన్నారావిడ. అతను బిగబట్టాడు. పాప బిగబట్టలేదు. ఒళ్ళంతా గొంతు చేసుకుని ఏడ్చింది. కాకి లేచిపోయింది. పిన్నత్తగారు ఆ రోజే పాపకి 'సైరన్' అని పేరు పెట్టేశారు.

వారం తిరిగేసరికి మెట్ల కిటికీలో పిచ్చుక. సాక్షి కావాలి. అతను మెట్ల కమ్మీ తగలకుండా తాడు మీద నడిచేవాడిలా దిగాడు.

"ఈ కమ్మీ మీద ఏముంటాయో తెలుసాండీ? ల్యాబులో పెంచి చూశాను."

"ఎందుకు పెంచావు? ఇంట్లో ఒకర్ని పెంచడం చాలలేదా?"

తర్వాత గేటు స్తంభం మీద గువ్వ. తర్వాత వీధి మలుపులో కరెంటు తీగ మీద పచ్చ చిలకలు. ఎండలు ముదిరేలోగా పార్కు కొలను దగ్గర కొంగ. అల్లుడి సంచీ ఆవిడ కెమెరా సంచీకి రెండింతలుండేది. అందులో దుప్పటి, దుప్పటి కింద వేయడానికి ఇంకో దుప్పటి, చేతులు కడిగే నీళ్ళు, ఆ నీళ్ళ సీసా తుడిచే గుడ్డ. నెలలు గడిచేకొద్దీ ఆ సంచీ ఎలా చిక్కిపోయిందో అతను గమనించలేదు. పాపకి కాళ్ళొచ్చాక రెండో దుప్పటి ఇంట్లోనే ఉండిపోయింది. పార్కులో పిల్లల్ని ఆడించే ఇంకో ముగ్గురు తండ్రులతో పరిచయమైంది. విరేచనాల గురించి అంత హాయిగా మాట్లాడుకోవచ్చని అతనికి అప్పటిదాకా తెలియదు.

పిట్టలకి మాత్రం గడ్డుకాలం వచ్చింది. లకుముకి పిట్ట కోసం పిన్నత్తగారు కొలను గట్టున పొద్దెక్కేదాకా కూర్చున్నారు. వచ్చింది. కొమ్మ మీద వాలింది. కెమెరా లేచింది. సైరన్ మోగింది. నీలం గీతొకటి నీళ్ళ మీద గీసినట్టయి మాయమైంది.

"క్షమించండి పిన్నత్తగారూ. రేపు మీరొక్కరే రండి."

"నువ్వు రాకపోతే సాక్షి ఎవరు? పోతే పోయింది. దానిల్లు ఇక్కడేగా."

రేపూ పోయింది. ఎల్లుండీ పోయింది. చివరికి ఆ ఏడాది జాబితాలో లకుముకి పిట్ట పడనేలేదు.

డిసెంబరు ఆఖరి ఆదివారం. కాఫీ కొట్టు దగ్గర పళ్ళ డాక్టరు పెళ్ళికొడుకులా ముస్తాబై వచ్చాడు.

"నూటపన్నెండు" అన్నాడు.

"అరవై నాలుగు" అన్నారు పిన్నత్తగారు, కాఫీలో చక్కెర కలుపుతూ.

డాక్టరు నవ్వడానికి నోరు తెరిచి, నవ్వు రాక అలాగే ఉండిపోయాడు. సైరన్ అప్పటికి కొలను వైపు అడుగులేస్తోంది. "ఒసేయ్, ఆగు, బాతులు పారిపోతాయి" అంటూ పిన్నత్తగారు దాని వెనకాల వెళ్ళారు.

"ఇన్నేళ్ళలో ఆవిణ్ణి గెలవడం ఇదే మొదలు. సంతోషమే కలగడం లేదు" అన్నాడు డాక్టరు. "ఒంట్లో గానీ బాగోలేదా ఆవిడకి?"

"బాగానే ఉందండీ. సాక్షి నియమం వల్ల తగ్గాయి."

"సాక్షి నియమమేమిటి?"

"మీరు ఆ గుడ్లగూబని ఒప్పుకోలేదుగా. కేలెండర్లోదన్నారట."

"నేనా?" డాక్టరు కప్పు కింద పెట్టేశాడు. "ఆ గుడ్లగూబని ఆవిణ్ణి బతిమాలి తెచ్చుకున్నాను. పెద్దది చేయించి మా క్లినిక్ కప్పుకి అంటించాను. నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళకి చూడ్డానికేదైనా ఉండాలి కదా. సాక్షా? ఆవిడకా? పక్కన మనిషుంటే పిట్ట రాదని నన్ను ఎప్పుడూ ఆ చివరి బెంచీ దగ్గరే ఆపేస్తుంది. నేను ఊపిరి గట్టిగా పీలుస్తానట."

అల్లుడు కొలను వైపు చూశాడు. బాల్కనీ, మెట్లు, గేటు, మలుపు, కొలను. ల్యాబులో తనూ అదే చేస్తాడు. కొత్త నీళ్ళు పడని జీవిని ఒక్కసారిగా అందులో వేసేయరు. ఒక్కొక్క చుక్కే పెంచుకుంటూ పోతారు. ఏడాది పొడుగునా గాజు పళ్ళెంలో ఉన్నది తనేనని, పైనుంచి భూతద్దంలో చూస్తున్నది ఆవిడేనని, సైన్సు చదువుకున్నవాడికి ఇప్పటిదాకా తట్టలేదు. అక్కడ గట్టు మీద కూతురు పిడికెడు మట్టి నోట్లో పెట్టుకుంటోంది. దాంట్లో ఏమేమి ఉంటాయో అతనికి పేరుపేరునా తెలుసు. లేచి వెళ్ళి, వేలితో మట్టి తీసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

తిరిగొచ్చాక పిన్నత్తగారు అనుమానంగా చూశారు. "ఏమంటున్నాడు పళ్ళాయన?"

"మీ గుడ్లగూబ కేలెండర్లోదేనంటున్నారండీ, ఇప్పటికీ" అన్నాడు అల్లుడు.

డాక్టరుకి కాఫీ పొలమారింది.

జనవరి ఒకటి. ఈసారి దబదబా మోగింది కింది తలుపు. పిన్నత్తగారు జుట్టు ముడేసుకుంటూ తీశారు. గుమ్మంలో అల్లుడు, చంకలో సైరన్.

"గోడ మీద కాకి ఉందండీ. సాక్షులం వచ్చేశాం."

"సంచీ ఏది?"

"ఏ సంచీ?"

ఆవిడ అతన్ని కింద నుంచి పైదాకా ఎక్స్‌రే తీసినట్టు చూశారు. "పళ్ళాయనకి ఎంతసేపూ నోళ్ళు తెరిపించడమే. తన నోరు మూసుకోవడం ఎప్పుడు నేర్చుకుంటాడో" అని కెమెరా తెచ్చుకున్నారు.

"ఈ ఏడాది ఒక్కరే వెళ్ళండి పిన్నత్తగారూ. లకుముకి పిట్ట మీకు బాకీ ఉంది."

"నియమం నియమమే. నోర్మూసుకుని నిలబడు. ఊపిరి బిగబట్టు. కదలకు."

అల్లుడు బిగబట్టాడు. చంకలో సైరన్ అతని మొహం చూసి, తనూ బుగ్గలు బూరెల్లా పొంగించింది. మోగలేదు. కాకి ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి దిగి, పని అయిపోయిందన్నట్టు ఎగిరిపోయింది.

"ఇక పీల్చుకోండి."

పిన్నత్తగారు కళ్ళద్దాలు పైకెత్తి తెరలోకి చూశారు. అల్లుడూ తొంగిచూశాడు. కాకి నిగనిగలాడుతూ ఉంది. కింద మూలన, దాన్నే చూపిస్తూ, బుల్లి వేలొకటి అడ్డం పడింది.

"అయ్యో, మళ్ళీ తీయాలి కదండీ" అన్నాడు.

"ఎందుకూ?" అన్నారావిడ, కెమెరా మెడలో వేసుకుంటూ. "సాక్షి కూడా పడిందిగా. పద, పిచ్చుకల పని చూద్దాం."