ఆపి ఉంచిన ఒక్క కార్డు

మొన్న ఆదివారం కడప నుంచి మా అమ్మాయి వచ్చి ఇంట్లోని పాత కంప్యూటరు ముందు కూర్చుంది. ఒకప్పుడు మా ప్రెస్సులో వాడిన, పదిహేనేళ్ల కిందటి ఆ పెట్టె ఇప్పుడు నాకు వార్తలు చదువుకోవడానికీ, మనవరాలి ఫొటోలు చూసుకోవడానికీ తప్ప దేనికీ కొరగాదు. అదైనా తెరుచుకునేలోపు గ్లాసుడు కాఫీ తాగెయ్యవచ్చు. లోపల చోటు లేదనీ, ప్రింటరు పోయి ఏళ్లయినా దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరు ప్యాకేజీలన్నీ అలాగే తిష్ఠ వేసుకుని ఉన్నాయనీ, కంప్యూటరును నడిపించే లినక్స్ అప్‌డేటు తెచ్చుకున్నప్పుడల్లా వాటికీ కొత్తవి తెచ్చి పోస్తోందనీ తేల్చింది. "ఇంగ ప్రింటరే లేదు గదా నాన్నా, ఇవన్నీ పెట్టుకోని ఏం చేస్తావు? తీసేస్తాండా" అంది. అచ్చు పనితోనే బతికినవాణ్ణి, అయినా సరేనన్నాను.

కమలాపురంలో మా నాయన పెట్టిన ప్రెస్సంటే కాలితో తొక్కి అచ్చువేసే ఒక్క ట్రెడిల్ మిషను, గోడవారగా అక్షరాల పెట్టెలు, అంతే. మా అక్క పెళ్లయిన మూడో ఏటికే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేస్తే, ఊరికే కూర్చుంటే మనిషి దక్కదని నాయన ఆమెను ఆ పెట్టెల ముందు నిలబెట్టాడు. ఏడాది తిరక్కుండా సీసపు అక్షరాలను చూడకుండానే ఏరి పేర్చేది. తిరగబడి ఉండే ఆ వరుసలను మనం పేపరు చదివినంత సులువుగా చదివేసేది. నేనేమో ప్రూఫు తీస్తే తప్ప ఒక్క తప్పూ పట్టలేకపోయేవాణ్ణి. తరవాత సీసం రోజులు పోయి కంప్యూటరు వచ్చినప్పుడు, ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి అందులో లినక్స్ ఎక్కించి నేర్పితే, యాభై దాటిన ఆ మనిషి నెల తిరిగేసరికి నన్ను మించిపోయింది. కార్డు కూర్చగానే ఒక్క కాపీ ప్రింటుకు పంపి, అచ్చు కాకుండా కంప్యూటరులోని ప్రింటు వరుసలోనే ఆపి ఉంచేది. మళ్లీ చదువుకుని, తప్పు లేదనుకుంటే వదిలేది, ఉంటే తుడిచేసేది. పని ముగిశాక ఆపినదాన్ని అలాగే ఉంచి ఆమె ఏనాడూ కుర్చీలోంచి లేవలేదు.

పెళ్లి కార్డుల విషయంలో ఆమెకొక పట్టు ఉండేది. ఆహ్వానించేవాళ్ల పేర్లలో ఆ ఇంటి ముసలామె పేరు లేకపోతే, కార్డు వేయించుకోవడానికి వచ్చినవాళ్లను "అవ్వ బతికే ఉండాది గదప్పా, ఆమె పేరు యాడ?" అని నిలదీసేది. భర్త పోయిన ఆడమనిషి పేరు శుభలేఖ మీద ఎక్కించరని తెలిసీ అడిగేది. కొందరు సిగ్గుపడి చేర్పించేవాళ్లు. అయితే అచ్చయిన కార్డుల మూలలకు పసుపు అద్దడానికి మాత్రం తను చెయ్యి పెట్టేది కాదు, మా ఆవిడను కేకేసేది. అలా ఎందుకక్కా అని నేను ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

మా అమ్మాయిని చంకనేసుకుని పెంచింది అక్కే. దాని పెళ్లి కుదిరినప్పుడు కార్డులో రాయాల్సింది నా చేత్తోనే రాసిచ్చాను, అందరికంటే ముందు అక్క పేరే పెట్టాను. మర్నాడు రాజంపేట నుంచి వియ్యంకుడు ఫోను చేసి, కార్డులు అచ్చయ్యాయా అని మాత్రమే అడిగాడు. ఆయన ఇంకే మాటా అనలేదు. నేనే నలుగురూ ఏమనుకుంటారోనని భయపడి, అక్క లేని సమయం చూసి ఆ కాగితం మీద ఆమె పేరు కొట్టేసి, బల్లమీద పెట్టి, కాగితాలు తేవాలని కడప బస్సెక్కాను. సాయంత్రం వచ్చేసరికి కార్డులు సిద్ధంగా ఉన్నాయి. నేను నోరు తెరవకముందే "చోటు చాల్లేదులేప్పా, తీసేసినా" అంది. అబద్ధం చెప్పే శ్రమ కూడా నాకు మిగల్చలేదు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు నామీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండేళ్లకు అక్క పోయింది. దినాల కార్డు నేనే కూర్చాను, ఆ కంప్యూటరు మీదే. వేలమంది పేర్లు అచ్చువేసిన మనిషి పేరు, తన పెళ్లికార్డు తరవాత మళ్లీ కార్డుకెక్కడం అప్పుడే. ఆ తరవాత పిలుపులన్నీ ఫోన్లలోకి పోయాయి, ప్రెస్సు మూసేశాను, ప్రింటరును పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

ప్యాకేజీలు తీసే ముందు అమ్మాయి ప్రింటు వరుస తెరిచి, "ఈడ ఒకటి నిలబడిపోయి ఉండాది నాన్నా" అంది. తెరిస్తే దాని పెళ్లికార్డే. అన్నిటికంటే పైన మా అక్క పేరు. నేను మొదట రాసిచ్చినట్టు కూర్చి ఆపి ఉంచినది. పేరు లేని కార్డులు మూడు వందలూ అచ్చువేశాక కూడా అక్క దాన్ని తుడవలేదు. అంటే ఆమెకు ఆ కార్డు కావాలి. ఆ ముక్క అర్థమయ్యేసరికి నాకు కళ్లు కనిపించలేదు.

మేనత్తే తన పేరు వద్దనుకుందని ఇన్నేళ్లూ మా అమ్మాయి అనుకుంటోందట. జరిగింది చెప్పాను. "నన్ను అడిగింటే ఒప్పుకునేదాన్ని కాదు నాన్నా" అని మాత్రం అని, ఆ కార్డును తన ఫోన్లో దాచుకుంది. ఈమధ్య ఫోన్లో వచ్చే పెళ్లి పిలుపుల్లో అవ్వల పేర్లు అక్కడక్కడ కనిపిస్తున్నాయి, ఎవరూ తప్పు పట్టడం లేదు. చూసినప్పుడల్లా అక్కకు చూపించాలనిపిస్తుంది.

తీసెయ్యబోయే ప్యాకేజీల పేర్లన్నీ తెరమీద వరసగా వచ్చాయి. ఇవన్నీ తీసెయ్యమంటావా, అవునా, కాదా అని కంప్యూటరు అడిగి ఆగింది. అమ్మాయి కీబోర్డును నా వైపు జరిపి, "నువ్వే నొక్కు నాన్నా" అంది. నొక్కడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎవరికీ పట్టని ఆ పేర్లను తీసెయ్యడానికి కూడా కంప్యూటరు ఒకసారి అడిగింది. నేను మా అక్కను అడగలేదు.